ఆయన గీత మీద ఆవిడ సంతకం

తొమ్మిదో తరగతిలో సెలవు చీటీ పెట్టి, ఇంతవరకూ మళ్ళీ బడి గుమ్మం తొక్కని ఘనుణ్ణి నేను. మొన్న అమెరికాలోని ప్లేనోలో మా మనవరాలు ఫోన్ మీద వేలు ఆనించి, టాక్సు రిటర్నుకి గడువు పొడిగించే ఎక్స్‌టెన్షన్ అడిగేశానంది. సంతకమేదమ్మా అంటే, సంతకమెందుకు తాతా అని నవ్వింది. నాకు మాత్రం ఎనభైల మొదట్లో పార్సిప్పనీ ఊళ్ళో గడిచిన ఒక ఏప్రిల్ పదిహేను, అంటే రిటర్నులకు ఆఖరి రోజు, గుర్తొచ్చింది.

అప్పట్లో మా అక్క మొగుడు, అంటే మా బావ, మనవాళ్ళకు రిటర్నులు రాసిపెట్టేవాడు. ఆయనకు కారూ, కాఫీ, కాలక్షేపం నేను. ఆ వారమే మాకు తెలిసిన ఇంజనీరుగారికి గుండెపోటు వచ్చింది. రిటర్ను తయారు కాలేదు, గడువు కోరే ఫారం ఆ సాయంత్రంలోగా పోస్టులో పడకపోతే జరిమానా, దానిమీద భార్యాభర్తలిద్దరి సంతకాలూ ఉండాలి. లాయరో, సీపీఏ అనే లైసెన్సున్న ఆడిటరో అయితే క్లయింటు తరఫున పెట్టొచ్చు గానీ మా బావకు ఆ అర్హత లేదు. జబ్బుచేస్తే కారణం రాసి భార్యే పెట్టొచ్చని, నన్ను ఆసుపత్రికి తరిమాడు.

ఆపరేషను గది బయట ఇంజనీరుగారి భార్య ఒక్కతే కూర్చుని ఉంది. తన గీత మీద చకచకా సంతకం చేసి, భర్త గీత దగ్గర పెన్ను ఆపేసింది. పెళ్ళయిన నాటి నుంచీ ఆయన పేరు నోట పలకని మనిషి.

"ఆయన లోపలుండగా ఆయన చోట నేను పెట్టడమా? అశుభం తమ్ముడూ, వద్దు."

నా తొమ్మిదో తరగతి సెలవు చీటీ కథతో సహా నా దగ్గరున్న జోకులన్నీ వేశాను, ఒక్కటీ పేలలేదు. తలెత్తితే పోస్టాఫీసు మూసేవేళవుతోందని తరుముతున్న గోడ గడియారం, దించితే ఆవిడ ముఖం. ఆపరేషను గది తలుపు కదిలినప్పుడల్లా ఇద్దరం లేచి నిలబడేవాళ్ళం.

చివరికి ఏమీ తోచక ఉన్నమాటే చెప్పాను. "అక్కయ్యగారూ, ఇది ఆయన లేరని చెప్పే కాగితం కాదండీ. ఇవాళ రాలేకపోయారు, నాలుగు నెలల్లో తనే వచ్చి రిటర్ను మీద సంతకం పెడతారని గవర్నమెంటుకి మనం మాటివ్వడం."

ఆవిడ పెన్ను మళ్ళీ కాగితానికి ఆనించింది. హార్ట్ ఆపరేషన్‌లో ఉన్నారని ఇంగ్లీషులో కారణం రాసి, ఆయన గీత మీద తన సంతకం పెట్టింది. కారెలా తోలానో తెలీదు, పోస్టాఫీసు కిటికీ దించుతుంటే చెయ్యి అడ్డంపెట్టి ఆ రోజు తేదీ ముద్ర వేయించుకున్నాను.

ఇప్పుడు గడువు కోసం ఎవరి ముందూ పెన్ను పట్టుకుని నిలబడక్కర్లేదు, మంచిదే. కానీ ఎవరి కోసం ఎదురుచూస్తున్నామో మన చేత్తో రాసి, కింద సంతకం పెట్టే ధైర్యం కూడా ఇప్పుడెవరికీ అవసరం పడటం లేదు.

ఆ ఆగస్టులో ఇంజనీరుగారు కర్ర పట్టుకుని, భార్యను వెంటబెట్టుకుని మా బావ ఆఫీసుకి తనే వచ్చి సంతకం పెట్టారు. నేనూరుకోవచ్చుగా! "చూశారా అక్కయ్యగారూ, తొమ్మిదో తరగతివాడు ఇప్పించిన గడువు!" అని మీసం మెలేశాను.

భర్త మోచెయ్యి పట్టుకుని మెట్లు దింపుతూ, వెనక్కి తిరక్కుండానే అందావిడ:

"ఈయన నాలుగు నెలలకే వచ్చేశారు. నీ సెలవు చీటీ మీద ఎవరు సంతకం పెట్టారు తమ్ముడూ, ఇంకా బడికి పోలేదు?"