తొందరపడి చెప్పిన సాక్ష్యం

నిన్న మా అంగన్‌వాడీకి బియ్యం బస్తాలు వచ్చాయి. ఆయా ఒక బస్తా మూతి విప్పి వెనక్కి మడుస్తుంటే ఆ ప్లాస్టిక్ సంచి కరకరమని చప్పుడు చేసింది. పిల్లల హాజరు వేస్తున్న నా చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఆ చప్పుడు వింటే నాకు బియ్యం గుర్తుకు రాదు, ఎస్తేరవ్వ గుర్తుకొస్తుంది. యూరియా సంచిని కత్తిరించి, దబ్బనంతో చుట్టూ కుట్టి, అందులో బైబిలు పెట్టుకొని చర్చికి వచ్చేది ఆమె. ఆరాధన మొదలయ్యాక వెనక వరుసలో ఆ సంచి కరకరమంటే, అవ్వ వచ్చిందని తల తిప్పకుండానే అందరికీ తెలిసేది. మా పాస్టరు అయ్యగారు ఆ చప్పుడు సద్దుమణిగేదాకా వాక్యం చదవకుండా ఆగేవారు. ఆమె పోయి నాలుగేళ్లయింది. దేవరకొండ అవతల మా ఊరు దాటితే ఆమె పేరు ఎవరికీ తెలియదు. ఆమె మీద ఎవరైనా నాలుగు మాటలు రాయాలంటే నేనే రాయాలి. అందరికంటే ఎక్కువ ఆమె ముందు తలదించుకున్నదాన్ని నేనే కాబట్టి.

నేను రామన్నపేట వైపు నుంచి ఈ ఊరికి కోడలిగా వచ్చాను. మా పుట్టింటివాళ్లు చర్చికి పోతారు. మా అత్తగారిది యాదగిరిగుట్ట నరసింహస్వామిని మొక్కే ఇల్లు. మా ఆయన ఆటో నడుపుతాడు. పెళ్లయ్యాక నాతో పాటు చర్చికి రావడం మొదలుపెట్టాడు. అత్తమ్మ రాలేదు, మమ్మల్ని ఆపనూ లేదు. మొదటి ఆదివారం కొత్తకోడలి సిగ్గుతో వెనక చాప మీద కూర్చుంటే, పక్కనున్న ముసలామె సంచిలోంచి బైబిలు తీసి నా ఒళ్లో పెట్టింది. “జర సదువు బిడ్డా” అంది. “కండ్లు కనవడవా అవ్వా?” అని అడిగాను. “కండ్లు మంచిగనే ఉన్నయి. సదువే లేదు” అని నవ్వింది. ఆ రోజు నుంచి ఆమెకు చదివి వినిపించడం నా పనైపోయింది.

ఆమె పత్తి ఏరడానికి, కలుపు తీయడానికి కూలికి పోయేది. శనివారం చర్చి ఊడ్చి చాపలు దులిపేది. భర్త ఎప్పుడో పోయాడు. ఒక్కడే కొడుకు, సామ్యేలు. బొంబాయికి మేస్త్రీ పనికి పోయాడు. మొదట్లో పక్కింటివాళ్ల ఫోనుకు మాట్లాడేవాడట, తర్వాత ఆ ఫోనూ రాలేదు, కబురూ రాలేదు. నేను వచ్చేసరికే అతను మాట్లాడక ఏళ్లు గడిచిపోయాయి. ప్రతి ఆదివారం ప్రార్థన మనవులు అడిగేటప్పుడు అవ్వ లేచేది. “నా కొడుకు సామ్యేలు యాడున్నడో, జర సూడమని అడుగుండ్రి” అని కూర్చునేది. ప్రతివారం అదే మాట. ఒకసారి సంఘపెద్ద ఒకాయన విసుక్కున్నాడు. “అవ్వా, దేవునికి యాదికుంటది గదా, వారం వారం చెప్పాల్నా?” అన్నాడు. “ఆయనకు యాదికుంటది. మీకే ఉండది” అంది అవ్వ.

అయితే సాక్ష్యాల సమయంలో మాత్రం ఆమె ఏనాడూ లేవలేదు. మా చర్చిలో అది అన్నిటికంటే సందడిగా ఉండే ఘడియ. జ్వరం తగ్గిందని ఒకరు, బోరులో నీళ్లు పడ్డాయని ఒకరు, కొలువొచ్చిందని ఇంకొకరు లేచి మైకు పట్టుకొని చెబుతారు. చివర అందరూ “స్తోత్రం” అని చప్పట్లు కొడతారు. చెప్పుకోవడానికి ఏమీ లేనివాళ్లు ఆ కాసేపు చాపల అంచులు పీక్కుంటూ కూర్చుంటారు. అవ్వకు విశ్వాసం తక్కువని, అందుకే ఆమె అడిగింది దొరకలేదని నేను లోపల అనుకునేదాన్ని. అప్పుడు నాకు అంత తెలివి ఉండేది మరి.

తెలంగాణ వచ్చిన రెండో ఏడు, మా బిడ్డ దీవెనకు ఏడేళ్లప్పుడు ఫిట్స్ మొదలయ్యాయి. కళ్లు పైకి తేలేసి, చేతులు కొట్టుకొని, నోట్లోంచి నురగ వస్తుంటే చూసిన తల్లికి ఇక కడుపు నిండా తిండి ఉండదు. దేవరకొండ దవాఖానాలో డాక్టరు మాత్రలు రాసిచ్చి, తాను చెప్పేదాకా ఒక్క పూట కూడా మానొద్దన్నాడు. మాత్రలతో తగ్గుముఖం పట్టాయి కాని పూర్తిగా పోలేదు. అత్తమ్మ నెమ్మదిగా అడిగింది. “గుట్టకు తీస్కపోయి నలబై దినాలు ఉంచుదామా? ఎంతమందికో నయమైంది.” నేను వద్దన్నాను. మా దేవుడు బాగుచేస్తాడని గట్టిగా అన్నాను. ఆ మాట అన్న రోజు నుంచి బిడ్డ జబ్బు ఒక్కటే కాదు, దేవుని పరువు కూడా నా నెత్తి మీదనే ఉన్నట్టు తిరిగాను. ఆయన పరువు నేను కాపాడేదేమిటో ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది. అప్పుడు రాలేదు.

ఎండాకాలంలో మా ఊళ్లో మూడు రోజుల స్వస్థత కూటాలు జరిగాయి. బయటి నుంచి వచ్చిన బోధకుడు దీవెన తల మీద చేతులుంచి ప్రార్థన చేశాడు. ఆ తర్వాత నెల దాటినా ఫిట్స్ రాలేదు. ఎవరూ నాతో మాత్రలు ఆపమనలేదు, ఆ మాట ఖచ్చితంగా రాయాలి. అయ్యగారు అనలేదు, ఆ బోధకుడూ అనలేదు. స్వస్థత వచ్చిందని నమ్మి మళ్లీ మాత్ర వేస్తే నమ్మనట్టే కదా అని నేనే అనుకున్నాను. ఊరి తల్లులందరికీ టీకాలు వేయించమని, మందులు మానొద్దని చెప్పే అంగన్‌వాడీ టీచరునై ఉండి, నా బిడ్డ మాత్రల డబ్బాను బీరువాలో చీరల కింద పెట్టాను. ఆ ఆదివారమే మైకు పట్టుకొని సాక్ష్యం చెప్పాను. “నా బిడ్డ పూర్తిగ బాగైంది. గోళీలు గూడ బంద్ జేసిన” అన్నాను. చర్చి దద్దరిల్లేలా చప్పట్లు కొట్టారు. ఎవరో దాన్ని ఫోనులో తీసి నాలుగూళ్లకు పంపారు. అవ్వ మాత్రం చప్పట్లు కొట్టలేదు. నా వంక, దీవెన వంక చూసి బైబిలు సంచిలో పెట్టుకుంది. ఓర్వలేదేమో అనుకున్నాను.

మూడు వారాలకు ఫిట్స్ మళ్లీ వచ్చాయి. మొదటిసారి వంటింట్లో వచ్చాయి. నేను చేసిన మొదటి పని ఏమిటో చెప్పడానికి నాకిప్పటికీ సిగ్గే. బిడ్డ దగ్గరికి పోకముందు కిటికీ మూశాను. అత్తమ్మకు కనపడకూడదు, ఊరికి తెలియకూడదు. మా ఆయనతో కూడా కళ్లు తిరిగి పడిందని అబద్ధం చెప్పాను. డబ్బా తీసి మాత్ర వేద్దామని బీరువా దాకా పోయేదాన్ని, మళ్లీ చేతులు రాక వెనక్కి వచ్చేదాన్ని. వేస్తే నేను అబద్ధికురాలిని, వేయకపోతే బిడ్డ ఏమవుతుందో తెలియదు. నెల రోజులు అట్లాగే గడిపాను. దీవెన నవ్వినా, తుమ్మినా, కాస్త ఎక్కువసేపు ఒకవైపు చూసినా పని వదిలి ఆమె కళ్లలోకి చూసేదాన్ని.

ఆ నెల చివరి ఆదివారం ప్రసంగం నడుస్తుండగా నా ఒడిలో కూర్చున్న దీవెన బొటనవేలు అదరడం మొదలైంది. ఫిట్స్ వచ్చేముందు అట్లాగే అదురుతుంది. ఒంటికి పోవాలంటోందని పక్కామెతో చెప్పి, బిడ్డను భుజానేసుకొని బయటికి నడిచాను. పరుగెత్తితే అందరూ చూస్తారని నడిచాను. చర్చి వెనక నీళ్ల డ్రమ్ము దగ్గరికి చేరేసరికి బిడ్డ చేతుల్లోనే బిగుసుకుపోయింది. కింద పడుకోబెట్టి, ఇనుము పట్టిస్తే ఆగుతుందంటారని ఇంటి తాళపుచెవుల గుత్తి ఆమె పిడికిట్లో కుక్కుతున్నాను. వెనక నుంచి ఒక చెయ్యి వచ్చి ఆ గుత్తి లాగి పారేసింది. ఎస్తేరవ్వ. కేక వెయ్యలేదు. బిడ్డను పక్కకు తిప్పి, తల కింద తన కొంగు మడిచి పెట్టింది.

“గోళీలు ఏస్తున్నవా?”

“ప్రార్థన చేస్తున్నం అవ్వా.”

“నేనడిగింది గోళీల సంగతి.”

ఫిట్స్ ఆగలేదు. ఎప్పుడూ కాసేపటికి సద్దుమణిగేవి, ఆ రోజు ఒకటి తగ్గుతుండగానే ఇంకొకటి అందుకుంది. బిడ్డ పెదవులు నల్లబడుతున్నాయి. లోపల పాట మొదలైంది. “పోయి నీ పెనిమిటిని పిలువు” అంది అవ్వ. నేను కదల్లేదు. పిలిస్తే అందరూ బయటికి వస్తారు. ఆ క్షణంలో కూడా నేను ఆ లెక్క వేసుకున్నాను. అవ్వ నా మొహంలోకి చూసింది, తనే లేచి తలుపు దగ్గర నిలబడి పాట మీదికి గొంతెత్తి మా ఆయన పేరు పెట్టి పిలిచింది. పాట ఆగింది. చర్చి మొత్తం బయటికి వచ్చి చూసింది.

దేవరకొండ దాకా ఆటోలో దీవెన తల నా ఒళ్లో, కాళ్లు అవ్వ ఒళ్లో. ఊపిరి ఉందా లేదా అని నిమిషానికోసారి ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను. అవ్వ ఒక్కసారే పైకి వినపడేలా ప్రార్థన చేసింది. “అయ్యా, మేం తప్పు జేసినం. పొల్లను సూడు” అంది. “మేం” అంది. ఆ తప్పులో ఆమెకు ఆవగింజంత కూడా వాటా లేదు. దవాఖానాలో సూది మందు ఇచ్చారు. డాక్టరు నన్ను తిట్టాల్సినంతా తిట్టి, మెలకువ వస్తేగాని ఏమీ చెప్పలేనన్నాడు. మా ఆయన బయట మెట్ల మీద తల పట్టుకొని కూర్చున్నాడు.

ఆ మధ్యాహ్నం నా జీవితంలో అన్నిటికంటే పొడుగైనది. బెంచీ మీద కూర్చొని ఉండబట్టలేక అడిగాను. “అవ్వా, నీ కొడుకు సంగతి దేవుడు వినలేదని నీకు కోపం రాదా?”

“ఎందుకు రాదు? వస్తది. కోపమొచ్చిన దినం గూడ పోయి అడుగుత” అంది. “అడుగుడు బంద్ జేస్తే ఆయనకు నాకు మాటలు లేవన్నట్టే గదా.”

“ఇన్నేండ్లయింది. జవాబు రాకపాయె.”

“రాలే. వచ్చిందని చెప్తే అబద్ధమైతది. అందుకే సాక్ష్యానికి లేవను.” నా వైపు తిరిగి అంది. “నువ్వు తొందరపడ్డవు బిడ్డా. దేవుడు జెయ్యని పని చేసిండని చెప్పినవు. ఇంకొకటి విను. నీ మాట విని రాజమ్మ షుగర్ గోళీలు మానేసింది. నెల దాటింది. కాలు పుండైంది, ఎవ్వలికి సూపిస్తలేదు.”

రాజమ్మ చర్చిలో ముందు వరుసలో కూర్చొని పాటలెత్తే ఆమె. నా ఇంటి కిటికీ నేను మూసుకోగలిగాను. నా మాట మాత్రం ఎన్ని ఇళ్లకు పోయిందో నాకే తెలియదు.

సాయంత్రానికి దీవెన కళ్లు తెరిచింది. చాలాసేపు నన్ను గుర్తుపట్టలేదు. కొత్తవాళ్లను చూసినట్టు చూసింది. ఆ కాసేపు నేను అనుభవించింది మాటల్లో పెట్టలేను. తర్వాత “అమ్మా, దూపైతాంది” అంది. గోడకు తల ఆనించి ఏడ్చాను. అవ్వ గ్లాసుతో నీళ్లు తెచ్చి నా చేతికిచ్చింది.

రాజమ్మ ఇంటికి మరునాడే పోయాను. ఆమె నా మొహం మీద తలుపు వేసింది. ఇక ఆదివారం చర్చిలో చెప్పడం తప్ప దారి లేదు. ఆ వారమంతా నాకు జ్వరం వస్తే బాగుండనుకున్నాను. “నువ్వు నా పక్కన నిలబడు అవ్వా” అని బతిమాలాను. “నిలవడ్త. మాట మాత్రం నువ్వే చెప్పాలె” అంది. సాక్ష్యాల సమయంలో మొదటిసారి ఎస్తేరవ్వ లేవడం చూసి సంఘమంతా వెనక్కి తిరిగింది. నేను మైకు పట్టుకున్నాను. మైకు కూత పెట్టింది. నా బిడ్డకు తగ్గలేదని, మాత్రలు ఆపి నేనే ఆమెను చావు దాకా తీసుకుపోయానని, తగ్గిందని చెప్పడం నా తొందరపాటని, నా మాట విని ఎవరు మందులు మానినా ఈ రోజే మళ్లీ వేసుకోమని చెప్పాను. ముగించాక ఎవరికీ ఏం చెయ్యాలో తెలియలేదు. ఇట్లాంటి సాక్ష్యానికి చప్పట్లు కొట్టడం ఎవరికీ అలవాటు లేదు. ఆ నిశ్శబ్దంలో అవ్వ ఒక్కతే “స్తోత్రం” అంది. రాజమ్మ లేచి, నా వైపు చూడకుండా, కుంటుకుంటూ బయటికి వెళ్లిపోయింది. మంగళవారం ఆమె కొడుకు ఆమెను దవాఖానాకు తీసుకుపోయాడు. ఒక వేలు తీసేయాల్సి వచ్చింది, కాలు దక్కింది. ఏడాది దాకా నాతో మాట్లాడలేదు. ఆమెను నేను తప్పు పట్టను.

ఇంట్లో అత్తమ్మ ఏమంటుందోనని భయపడ్డాను. మరునాడు పొద్దున నేను లేచేసరికి ఆమె దీవెనను అరుగు మీద కూర్చోబెట్టి, ఒక చేతిలో మాత్ర, ఇంకో చేతిలో నీళ్ల గ్లాసు పట్టుకొని నిలబడి ఉంది.

అవ్వ చివరిదాకా కూలికి పోయింది, చివరిదాకా సామ్యేలు పేరు చెప్పింది. అతను రాలేదు. ఆమె సమాధి మీద పిడికెడు మట్టి కొడుకు వేయాల్సింది, నేను వేశాను. ఆమె నమ్మకం గెలిచిందని రాస్తే చదవడానికి బాగుంటుంది కాని, అది నేను ఒకసారి చేసిన తప్పే అవుతుంది. ఆమె అడగడం మానలేదు, అంతే నాకు తెలిసింది. నాకు అదే ఎక్కువ.

దీవెన ఇప్పుడు నల్గొండలో హాస్టల్లో ఉండి ఇంటరు చదువుతోంది. మూడేళ్లు ఏమీ రాలేదు, మందు తగ్గిద్దామని డాక్టరు అన్నాడు కూడా. పోయిన నెల హాస్టల్లో మళ్లీ వచ్చింది. నేను బస్సెక్కి పోయేసరికి మంచం మీద లేచి కూర్చొని ఉంది. “అమ్మా, నాకు పూర్తిగ తగ్గుతదా?” అని అడిగింది. తగ్గుతుందని చెప్పడానికి నోరు తెరిచాను. బిడ్డ అట్లా అడిగితే ఏ తల్లికైనా ఆ మాటే వస్తుంది. మింగేసి, “తెల్వది బిడ్డా” అన్నాను. అని, ఆమె మొహంలోకి చూడలేక చెయ్యి పట్టుకొని కళ్లు మూసుకున్నాను. ప్రార్థన నేను మొదలుపెడతాననుకుంది. కాసేపు చూసి దీవెనే మొదలుపెట్టింది. తన జబ్బు మాట ఎత్తలేదు. “అయ్యా, మా అమ్మ బాగ భయపడ్తాంది. జర సూడు” అంది.

నిజమే, భయపడుతున్నాను. ఆమెన్ అన్నాను.