షికాగో గురించి నేను గెలిచిన వాదన

మీరు ఇంట్లో చివరిసారి వాదించి గెలిచింది ఎవరి మీద? గెలిచాక ఆ మనిషి ముఖం వైపు చూశారా?

నేను చూడలేదు. నిజామాబాద్‌లో మా అక్క ఇంటి వాకిట్లో, జనవరి ఎండలో కూర్చొని, నా భార్య మీద ఒక వాదన గెలిచాను. మేము జర్మనీ వదిలి షికాగో వెళ్ళాలా, వద్దా అన్నది విషయం. గెలిచిన వెంటనే నేను చేసిన పని అక్కను ఇంకో చాయ్ అడగడం.

ముందుగా మా పద్ధతి చెప్పాలి. అది తెలియకపోతే నేను చేసిన తప్పు మీకు వట్టి పిచ్చితనంలా కనిపిస్తుంది.

బోధన్‌లో ఒక సైకిల్ రిపేరు దుకాణం పైగదిలో ప్రతి ఆదివారం పొద్దున పదిమందిమి కూర్చునేవాళ్ళం. నడిపించేది ఒక పెద్దాయన. చక్కెర ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో ల్యాబులో చెరుకు రసం పరీక్షించేవాడు. ఫ్యాక్టరీ మూతబడ్డాక మనుషుల్ని పరీక్షిస్తున్నాడని మేము ఎగతాళి చేసేవాళ్ళం. "రసం తియ్యగున్నదని నాలుకతోని చెప్పకు, కొలిచి చెప్పు" అనేవాడు. తాయెత్తుల మీద, వాస్తు మీద, కులం మీద, మసీదు మీద, గుడి మీద ఆ గదిలో మేము వాదించని విషయం లేదు. కింద సైకిల్ ట్యూబులకు గాలి కొట్టే చప్పుడు, పైన మా గొంతులు. ఒక్కోసారి కింది నుంచి దుకాణపాయన అరిచేవాడు: "జర మెల్లగ మాట్లాడుండ్రి! గిరాకి పారిపోతున్నది!"

ఆ గదికి ఒక నియమం ఉండేది. ఎవరికైనా సొంత బతుకులో పెద్ద నిర్ణయం వస్తే దాన్ని అక్కడ పెట్టాలి. పెట్టినవాళ్ళు తమ కోరికకు ఎదురు వైపు నిలబడి వాదించాలి. లోపల నీకేమున్నదని ఎవరూ అడగకూడదు. ఓడినవాళ్ళు గెలిచిన మాటకు కట్టుబడాలి. కోరిక మనిషిని గుడ్డివాణ్ణి చేస్తుందని, ఎదుటివాడి వాదన మన నోటితో పలికితేనే దాని బలం తెలుస్తుందని పెద్దాయన నమ్మకం. అది మంచి నియమమని నేను ఇప్పటికీ అంటాను.

మా పెళ్ళి కూడా ఆ నియమం మీదే జరిగింది. నా భార్య కూడా ఆ గదికి వచ్చేది; ఆమెది నిజామాబాద్‌లో తరతరాలుగా బట్టల వ్యాపారం చేసే ముస్లిం కుటుంబం. మాది బీడీలు చుట్టే ఇల్లు. పెళ్ళి చేసుకోవాలని ఇద్దరికీ ఉంది కాబట్టి ఇద్దరమూ పెళ్ళికి వ్యతిరేకంగానే వాదించాల్సి వచ్చింది. పెళ్ళి తరఫున మాట్లాడేవాళ్ళే లేకపోయారు. చివరికి పెద్దాయనే లేచి ఆ వైపు తీసుకొని మమ్మల్నిద్దరినీ చిత్తుగా ఓడించాడు. గది గదంతా చప్పట్లు. మేము ఓడిపోయి, నవ్వుకుంటూ, రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్ళాం. అప్పటి నుంచి నేను ఏదైనా గట్టిగా చెప్పబోతే ఆమె నన్ను "పంతులూ" అని వెక్కిరించేది. పూజారులను తిట్టే మనిషికి అంతకంటే పెద్ద తిట్టు ఉండదని ఆమెకు తెలుసు. నేను ఆమెను "దోస్త్" అనేవాణ్ణి.

తర్వాత జర్మనీ. చక్కెర దుంపలను పరీక్షించే ల్యాబులో ఆమెకు ఉద్యోగం దొరికింది. చెరుకు ఊరి నుంచి దుంపల ఊరికి వచ్చినమని పెద్దాయనకు ఉత్తరం రాసింది. నాకు ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పని. ఆరేళ్ళు ఉన్నాం. మా వంటగదికి ఒకే కిటికీ, దాని ముందు ట్రాములు తిరిగే వీధి. పొద్దున ఆ కిటికీ దగ్గర నిలబడి చాయ్ తాగుతూ ఆమె ట్రాము వచ్చేదాకా ఏదో ఒకదాని మీద కొట్లాడుకునేవాళ్ళం. ట్రాము మలుపు తిరగడం కనిపించగానే ఆమె కప్పు నా చేతిలో పెట్టి పరుగెత్తేది. మిగిలిన చాయ్ నేను తాగేవాణ్ణి.

ఆరో ఏడు ఆమెకు షికాగో నుంచి పిలుపు వచ్చింది. ఒక ఆహార పరీక్షల ల్యాబు మొత్తం ఆమె చేతిలో ఉంటుంది. ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం అంటించి మధ్యలో గీత గీశాం. ఇటు జర్మనీ, అటు షికాగో. జర్మనీలో జబ్బు చేస్తే భయం లేదు, సెలవులు ఎక్కువ, నాకు శాశ్వతంగా ఉండే అనుమతి రావడానికి ఇంకొన్ని నెలలే ఉన్నాయి, ఇంత కష్టపడి నేర్చుకున్న భాష ఉంది. షికాగోలో ఆమెకు సొంత ల్యాబు, సముద్రమంత సరస్సు, మాట్లాడ్డానికి ఇంగ్లీషు, ఎదిగే దారి. కానీ అక్కడ నా వీసా ఆమె వీసాకు తోకలా ఉంటుంది. కొన్నాళ్ళు నాకు పని చేసే హక్కే ఉండదు. వీధిలో తుపాకులు. ఉద్యోగం పోతే వైద్యమూ పోతుంది. కాగితం రెండు వైపులా నిండింది. తేలలేదు.

నిజం ఇప్పుడు చెప్తాను. నాకు జర్మనీలోనే ఉండాలని ఉంది. ఆమెకు షికాగో వెళ్ళాలని ఉంది. కానీ ఆమె నన్ను కూడా రమ్మంటే నేను పని లేకుండా ఉండడానికి కూడా సిద్ధమే. నువ్వు లేకుండా నాకు కష్టమని నేను ఒక్కమాట అంటే ఆమె ఆ ఉద్యోగం వదిలేసేది. ఇది మాత్రం ఫ్రిజ్ మీద కాగితంలో ఎవరమూ రాయలేదు.

చలికాలం సెలవుల్లో నిజామాబాద్ వచ్చాం. విషయం తెలియగానే అందరూ సలహాలకు దిగారు. ఆమె పుట్టింటివాళ్ళు ప్రత్యేకంగా నమాజు చేసి కలలో ఏం కనిపిస్తుందో చూడమన్నారు. మావాళ్ళలో ఒక చిన్నాయన పంచాంగం తెచ్చి కూర్చున్నాడు.

"పడమర దిక్కు నీకు అచ్చిరాదు బిడ్డా."

"జర్మనీ ఏ దిక్కున్నది చిన్నాయినా?"

"గది... జరంత పడమర. ఇది శాన పడమర."

నాకు నవ్వు రాలేదు, కోపం వచ్చింది. కలలను, పంచాంగాలను పట్టుకొని బతుకును తేల్చే ఈ జనం ఎప్పుడు మారతారని అరగంట ఉపన్యాసం ఇచ్చాను. "ఇగ మొదలువెట్టిండు పంతులు" అంది ఆమె. మా బోధన్ గది పద్ధతిలోనే తేల్చుకుందామని చెప్పింది కూడా నేనే.

పెద్దాయన అప్పటికి మోకాళ్ళు పనిచేయక రాలేకపోయాడు. అక్కను తీర్పరిగా కూర్చోబెట్టాం. అక్క ఒళ్ళో చాట, చాటలో తంబాకు, చేతిలో కత్తెర. తునికాకు కత్తిరించడం ఆపకుండానే అంది:

"నాకేమెర్క మీ అమెరికా? నేను ఇందల్వాయి దాటి పోయింది రెండుమాట్లు."

"గందుకే నువ్వు కావాలె ఆపా" అంది నా భార్య. అక్కను ఆమె ఆపా అనే పిలిచేది. "నీకు ఏ దిక్కూ లేదు."

"మీ ఇద్దరి దిక్కు ఉన్న కదనే."

నియమం ప్రకారం నేను షికాగో తరఫున, ఆమె జర్మనీ తరఫున. మొదట నవ్వులాటగానే సాగింది. చలి ఎక్కడ ఎక్కువ, బస్సులు ఎక్కడ మేలు. తర్వాత ఆమె గొంతు తగ్గింది.

"జర్మనీల ఒక కిటికీ ఉన్నది" అంది. "పొద్దున ఆడ ఇద్దరం నిలవడ్తం. సగం చాయ్ నేను తాగుత, సగం ఆయన తాగుతడు. ల్యాబు షికాగోల దొరుకుతది, బెర్లిన్ల దొరుకుతది, హైదరాబాద్ల గూడ దొరుకుతది. గా సగం చాయ్ ఏడ దొరుకుతది?"

అది జర్మనీ తరఫు వాదన అనుకున్నాను. మంచి దెబ్బే కొట్టిందని, దీన్ని ఎలా విరగ్గొట్టాలా అని ఆలోచించాను. ఆమె నియమాన్ని అడ్డం పెట్టుకొని తన మాటే చెప్తోందని నాకు తట్టలేదు. బహుశా తట్టిందేమో. తట్టినా, గెలుపు కనుచూపు మేరలో ఉంది కదా.

"అది అలవాటు" అన్నాను. "అలవాటు కారణం కాదు. వందల ఏండ్ల సంది ఆడోళ్ళను ఇండ్లల్ల కట్టేసింది గీ అలవాటే. మొగడు ఉంటే ఆగాల్నా? మొగడు వస్తేనే కదలాల్నా? ఆయన రాకున్నా ఆమె పోవాలె. ఒక్కతే పోవాలె. పక్కన మనిషి ఉంటేనే బతుకుత అనేది ప్రేమ గాదు, బానిసతనం."

ఈ మాటలు నేను ఎన్నో సభల్లో అన్నవే. సభల్లో చప్పట్లు వచ్చేవి. వాకిట్లో కత్తెర చప్పుడు ఆగింది.

ఆమె చాయ్ కప్పు కింద పెట్టింది. "సరే" అంది. "ఓడిన."

అక్క మాత్రం తీర్పు చెప్పలేదు. "ఆగుండ్రి. నాకొక్కటి సమజ్ గాలే. నువ్వేమో ఆమె మాట మాట్లాడ్తున్నవ్. ఆమేమో నీ మాట మాట్లాడ్తున్నది. మరి ఎవని మాట వాడు ఎప్పుడు మాట్లాడ్తడు?"

"గట్ల అడుగొద్దక్కా. నియమం" అని నవ్వి, ఇంకో చాయ్ అడిగాను.

ఏప్రిల్‌లో ఆమె షికాగో వెళ్ళింది. ఒక్కతే. విమానాశ్రయంలో చివరిదాకా నా వైపు చూస్తూ నిలబడింది. నన్నూ రమ్మంటుందేమోనని నేను ఎదురుచూశాను. వస్తానంటానేమోనని ఆమె ఎదురుచూసిందట. ఈ సంగతి నాకు తర్వాత ఎంతో కాలానికి తెలిసింది. వాదించడానికి అంత పదునుగా తయారైన మా రెండు నోళ్ళూ అక్కడ మూగబోయాయి. నేను ఇంటికి వచ్చి వంటగదిలో చాయ్ పెట్టాను. ఇద్దరికీ సరిపడా పెట్టానని గిన్నె దించాక చూశాను.

మొదట రోజూ ఫోన్లు, తర్వాత ఆదివారాలు, తర్వాత పండగలు. మేము నమ్మని పండగలు. నాకు శాశ్వత అనుమతి వచ్చింది, ఎవరికి చెప్పాలో తెలియలేదు. రెండో చలికాలంలో ఆమె విడాకుల మాట ఎత్తింది. గొడవ లేదు, ఏడుపు లేదు. చివరికి నేను అడిగాను, అడగాల్సిన రోజు దాటిపోయి రెండేళ్ళు కావస్తున్నా అడిగాను: "ఆ రోజు నీ మనసుల ఉన్నది ఎందుకు చెప్పలే?"

"చెప్పిన" అంది. "సగం చాయ్ అని చెప్పిన. నువ్వు దాన్ని బానిసతనం అన్నవు. నువ్వే గెలిచినవ్ కద, పంతులూ."

ఆ పిలుపులో వెక్కిరింత లేదు. అది నన్ను ఎక్కువ బాధపెట్టింది.

ఈ జూన్‌లో సెలవు మీద జర్మనీ నుంచి వచ్చి, బోధన్ వెళ్ళి పెద్దాయనను కలిశాను. సైకిల్ దుకాణం ఇప్పుడు సెల్‌ఫోన్ దుకాణం. పైగదికి తాళం. ఆయన ఇంట్లో మంచం మీద కూర్చొని అంతా విన్నాడు. నియమం తప్పా అని అడిగాను. తప్పేనని ఆయన అంటే నాకు కొంత బరువు తగ్గేది.

"నియమం తప్పు గాదు" అన్నాడు. "నువ్వు శాంపిల్ దొంగిలించినవ్."

ఆయన తన ల్యాబు రోజుల సంగతి చెప్పాడు. చెరుకు బండ్లు వరుసగా వచ్చేవి. ప్రతి బండిలోంచీ పైది, కిందది, నడిమిది తీసి రసం పిండాలి. ఎవడన్నా మంచి గడ ఒక్కటే ఏరి ఇస్తే కొలత సరిగానే వస్తుంది, లెక్క మాత్రం అబద్ధం.

"మా పెళ్ళప్పుడు మరి?"

"గప్పుడు మీ మనసు గదిల ఉన్న అందరికి ఎర్కనే బిడ్డా. నాకు ఎర్క, కింద సైకిలాయనకు గూడ ఎర్క. శాంపిల్ టేబుల్ మీదనే ఉండె. ఈసారి నువ్వు జేబుల వెట్టుకున్నవ్. గంతే ఫరక్."

తిరిగి వస్తుంటే కాలువ కింద పొలాలకు నీళ్ళు వదిలి ఉన్నారు. బస్సు కిటికీలోంచి చూస్తూ ఏడ్చాను. పక్క సీటులో ఉన్న కోటగిరి ఊరి ముసలామె చేత్తో నా మోకాలు తట్టి, "ఎవరన్న పోయిండ్రా అయ్యా?" అని అడిగింది. అవునన్నాను.

హేతువును నేను ఇప్పటికీ వదల్లేదు. నా కథ చూపించి, బుద్ధి పనికిరాదు, పంచాంగమే మేలు అనేవాళ్ళు ఉంటారు. వాళ్ళకు నేను సాక్షిని కాను. నేను బుద్ధిని వాడి చెడిపోలేదు, దాని వెనుక దాక్కొని చెడిపోయాను. నువ్వు లేకపోతే నేను ఉండలేను అనేది ఒక వాస్తవం. ట్రాము వేళ ఎంత వాస్తవమో, వీసా నియమం ఎంత వాస్తవమో, అదీ అంతే. దాన్ని దాచిపెట్టి వాదించినవాడు హేతువాది కాడు, దొంగ సాక్ష్యం చెప్పినవాడు. పంచాంగం తెచ్చిన మా చిన్నాయన కనీసం తన భయాన్ని నలుగురిలో పెట్టాడు. నేను అది కూడా చేయలేదు.

నిన్న అక్క ఇంట్లో ఆ వాకిట్లోనే కూర్చున్నాను. అక్క బీడీలు కట్ట కట్టడం ఆపి లేచి చాయ్ తెచ్చింది. సగం తాగి, కప్పు పట్టుకొని ఎటు చాచాలో తెలియక అలాగే ఉండిపోయాను.

మీ ఇంట్లో ఇవాళ ఒక కాగితం ఉండవచ్చు, మధ్యలో గీతతో. ఈ ఊరా ఆ ఊరా, ఉండడమా వెళ్ళడమా అని దాని మీద రాసుకొని ఉంటారు. ఆ కాగితంలో మీరు రాయని మాట ఒకటి ఉంది, అది మీకు తెలుసు. నా బాధ చదివి నిట్టూర్చడం నాకు అక్కర్లేదు. లేవండి. ఆ మనిషి పక్క గదిలో ఉంటే పక్క గదికి వెళ్ళండి, దూరంగా ఉంటే ఫోన్ తీయండి. వాళ్ళు ట్రాము ఎక్కకముందే ఆ మాట మీ సొంత గొంతుతో చెప్పండి.