మనం అన్న మాట

పోయేదాకా ఆమె అందరికీ పెద్దక్కే. ఆ పేరు కాలేజీ హాస్టల్లో వచ్చింది. అప్పటికి ఆమె వయసు చిన్నదే, పెత్తనమే పెద్దది. పక్క మంచం పిల్ల పరాయి దేశం నుంచి కొత్తగా వచ్చింది. ఆ పిల్ల భాషను పెద్దక్క తిట్లతో మొదలుపెట్టి నేర్చుకుంది.

ఆ ఏడాది పేపరు తిరగేస్తే చాలు, ఏదో ఒక దేశంలో విద్యార్థులు వీధిలో ఉండేవారు. ఆ పిల్ల దేశంలో ఊరేగింపు మీద కాల్పులు జరిగాయి. ఇక్కడ చదువుతున్న ఆ దేశపు పిల్లలు రాజధానికి వెళ్లి తమ రాయబార కార్యాలయం ముందు బైఠాయించారు. దాంతో వాళ్ల పేర్లను కాలేజీ కొట్టేసింది. పేరు లేకపోతే వీసా లేదు. వెనక్కి వెళ్తే జైలే.

వాళ్లకు తోడుగా సమ్మె చెయ్యాలా వద్దా అని భోజనాల హాల్లో సభ పెట్టారు.

"వాళ్ల గొడవకి మన పరీక్షలు పోవాలా?" అన్నాడు విద్యార్థి సంఘం కార్యదర్శి.

"రాస్తే పాసయ్యేవాడిలాగే బెంగపడుతున్నావు, నాయనా," అంది పెద్దక్క. హాలంతా నవ్వింది.

ఆ పిల్ల లేచి తన భాషలో మాట్లాడింది. పెద్దక్క వెంట వెంటనే తెలుగులో చెబుతూ వచ్చి, ఒకచోట ఆగిపోయింది. ఆ భాషలో 'మేము'కీ 'మనం'కీ ఒకటే మాట. మేము అంటే వాళ్లు అటు, హాలంతా ఇటు. మనం అంటే అందులో తనూ, తన చివరి ఏడాదీ ఉంటాయి.

"ఏమందే?" అని వెనక నుంచి ఎవరో అడిగారు.

"మనం ఊరుకోం అంటోంది."

చేతులు లేచాయి. సమ్మె మొదలైంది.

మర్నాడు ప్రిన్సిపాల్ పిలిపించారు.

"ఆ అమ్మాయి మేము అంటే పొరపాటున మనం అన్నానని చెప్పేయమ్మా. ఆ తీర్మానం చెల్లదు, నీ జోలికీ ఎవరూ రారు."

"అప్పుడు వాళ్లనేం చేస్తారండీ?"

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకోసాగారు.

"పొరపాటున అనలేదండీ," అంది పెద్దక్క.

ఏడాది పాటు ఆమెను బయట పెట్టారు. సమ్మె మాత్రం ఆగలేదు. చివరికి కాలేజీయే దిగొచ్చి, కొట్టేసిన పేర్లు మళ్లీ రాసుకుంది. ఆ తర్వాత పెద్దక్క ఆసుపత్రుల్లో, కోర్టుల్లో ఒకరి మాట ఇంకొకరికి వాళ్ల భాషలో చెప్పే పనిలోనే బతికింది. ఎక్కడా ఒక్క మాట అటూ ఇటూ చేసిందన్న పేరు తెచ్చుకోలేదు.

కాలేజీ బయట పెట్టినప్పుడు, పెద్దక్క హాస్టల్ ఖాళీ చేసే రోజున ఆ పిల్ల ఆమె పెట్టె సర్దుతూ, కూడబలుక్కుని తెలుగులో అంది: "మనం ఏడాది పోయింది."

"మన ఏడాది అనాలే," అని దిద్దింది పెద్దక్క.