చూడకుండా రాసిన చీటీ

ఎనభైల చివర్లో జమ్మలమడుగు దగ్గరి ఒక పల్లెకు నన్ను ఆయుర్వేద మెడికల్ ఆఫీసరుగా వేశారు. ఫ్యాక్షన్ ముదిరిన కాలం. పెద్ద ఇళ్ల ఆడవాళ్లు వైద్యానికి గడప దాటేవాళ్లు కాదు. మగమనిషి వచ్చి జబ్బు చెబితే డాక్టరు ఓపీ చీటీ రాయాలి, కాంపౌండరు పొట్లం కట్టాలి. నాకు ముందున్నాయన అంతే చేశాడట. నేనూ నోరు మూసుకుని అదే చేశాను.

ఒకరోజు సుబ్బయ్య అనే మోతుబరి రైతు వచ్చాడు. అతని అన్నను అవతలి వర్గంవాళ్లు నరికి ఏడాది కాలేదు. కళ్లారా చూసిన సాక్షి అన్న భార్య లక్ష్మమ్మ ఒక్కతే.

"మా వదినకు మతి నిలకడగా ల్యాదు సార్. నిద్ర పోదు, ఒగటే అరుస్తాంది," అన్నాడు.

చీటీ మీద 'చిత్తచాంచల్యం, నిద్రలేమి' అని రాసి, సంతకం పెట్టి, పది రోజులకు సర్పగంధ చూర్ణం ఇప్పించాను.

సర్పగంధ వేరు మన పెద్దలకు కొత్త కాదు. నిద్ర పట్టనివాళ్లకు, పిచ్చి ముదిరినవాళ్లకు పాలల్లో కలిపి ఇచ్చేవారు. రక్తపోటునూ దించుతుంది. మోతాదు మించితే మాత్రం నాడి మందగిస్తుంది, లేచి నిలబడితే కళ్లు తిరుగుతాయి. దిగులుతో ఉన్నవాళ్లకు అసలు ఇవ్వకూడదు, ఆ దిగులు ఇంకా పెరుగుతుంది. మొగుణ్ణి పోగొట్టుకున్న మనిషికి రాస్తూ కూడా నాకిది గుర్తురాలేదు. చదివిన చదువంతా గంగలో కలిసింది.

నాలుగో రోజే సుబ్బయ్య మళ్లీ వచ్చాడు. పొట్లాలు తడిసిపోయాయన్నాడు. మారుమాట లేకుండా మళ్లీ ఇప్పించాను.

రెండు వారాలకు లక్ష్మమ్మే గోడ పట్టుకుంటూ డిస్పెన్సరీకి వచ్చింది. ఆమె చెబితే సంగతి తెలిసింది. ఎన్నికల ముందు రెండు వర్గాల నాయకులూ ఒకే పార్టీలో చేరారు. హత్య కేసు రాజీ కావాలన్నారు. సుబ్బయ్య సరేనన్నాడు, ఆమె ససేమిరా అంది. అప్పట్నుంచి పూటపూటా పాలల్లో నా మందు, తడిశాయన్న పొట్లాలతో కలిపి రెట్టింపు. వాయిదా రోజు బోనులో నిలబడలేకపోయింది, నరికిన నలుగురి పేర్లు నోటికి రాలేదు. సుబ్బయ్య అందించిన నా చీటీ చూపించి, ఈమెకు పిచ్చి అని సర్కారు డాక్టరే రాశాడన్నాడు ముద్దాయిల లాయరు.

"మా మరిది అడిగినాడు సరే. నువ్వు నన్నెప్పుడు చూసినావు సార్?" అంది.

ఒళ్లు మండిపోయింది. సుబ్బయ్య మీద, ఆ లాయరు మీద, అందరికంటే ఎక్కువగా నా మీద. అప్పుడు పట్టుకున్నాను ఆమె నాడి, మొదటిసారి. బాగా మందగించింది. మతి మాత్రం నాకంటే నిలకడగా ఉంది. మందు ఆపించి, ఆమెను పరీక్షించకుండానే ఆ చీటీ రాశానని కాగితం మీద పెట్టి, సర్కారు లాయరు చేతికిచ్చాను. ఆయన దాన్ని కోర్టు ముందుకు తేనేలేదు. కేసు కొట్టేశారు. నెల తిరక్కుండా నన్ను చక్రాయపేట వైపు బదిలీ చేశారు.

మిగిలిన సర్వీసులో రోగి ఎదుట లేకుండా చీటీ రాయలేదు. ఎంతటివాళ్ల ఇంటినుంచి కబురొచ్చినా, మనిషిని తీసుకురండి, లేదా నన్ను తీసుకుపొండి అన్నాను. ఆ మాట సుబ్బయ్యతో మొదటి రోజే అనుంటే, లక్ష్మమ్మ బోనులో నిలబడి నాలుగు పేర్లూ చెప్పేది.