కణత మీద చుక్క

నా పేరు సింహాచలమ్మ. వయసు డెబ్బై దాటింది. గరివిడి దగ్గర పల్లెలో కొడుకు, కోడలు, మనవరాలితో ఉంటున్నాను. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది. మా మందుల కొట్టు షావుకారు మొన్న సోమవారం పోయాడు. శవం దగ్గర ఆయన్ని పొగిడిన నోళ్లన్నీ బతికుండగా తిట్టినవే. సిగ్గులేని జనం. అందులో నా నోరూ ఉంది.

నాకు చిన్న వయసులోనే ఒంటికణత నొప్పి పట్టుకుంది. చెరువులో నానిన గోగు కట్టల కంపు తగిలితే చాలు, కణతలో పోటు మొదలయ్యేది. నార తీయడం సగంలో వదిలి వాంతులు చేసుకునేదాన్ని. మా అత్త నన్ను పనిదొంగ అంది. కాల్చిన పసుపుకొమ్ముతో కణత మీద వాత పెట్టించింది. నొప్పి పోలేదు, మచ్చ మిగిలింది. పెట్టినవాడికి కోడిపుంజును కూడా ఇచ్చారు, మహా తెలివైనవాళ్లు.

చాలా ఏళ్లకు షావుకారు దగ్గరికి వెళ్లాను. డాక్టరు చీటీ లేనిదే ఒంటికణత నొప్పి మాత్ర ఇవ్వనన్నాడు. మందులమ్ముకునేవాడికి ఎంత పొగరు అనుకున్నాను. విజయనగరం పోయి, గుండె, బీపీ చూపించుకుని చీటీ తెచ్చాను. తీరా మాత్ర చేతికొచ్చాక పెళ్లికి దాచుకున్న చీరలా దాన్ని పెద్ద నొప్పి కోసం దాచాను. నొప్పి ముదిరాక మింగి, కక్కేశాను. మాత్రల అట్ట తీసుకెళ్లి ఆయన బల్ల మీద విసిరాను.

"ఏటి షావుకారూ, సుద్దముక్కలమ్ముతున్నావేటి?"

"ఎప్పుడేసుకున్నావప్పా?"

"బాగా ముదిరినాక. సిన్న నొప్పికి పాడుసేసుకుంటానేటి?"

"కక్కేసినాక మాత్రేటి సేస్తాది? మొదటి పోటుకే ఏసుకోవాల. వారంలో రెండు దినాలే. మించితే మాత్రే నొప్పి తెస్తాది."

చదువురాని వాళ్లకు ఆయన పొట్లం మీద బొమ్మలేసేవాడు. పొద్దుటి మందుకు సూర్యుడు, రాత్రి మందుకు చంద్రుడు. నాకు ఒక తల, నొప్పి అంతున్నప్పుడే వేసుకోమని కణత మీద ఆవగింజంత చుక్క, వారానికి రెండు దినాలేనని కింద రెండు గీతలు. మూడో గీత అడిగి వీధిలో నిలబడి తిట్టాను. తలెత్తకుండా పక్కవాడి పొట్లానికి సూర్యుణ్ణి వేసుకున్నాడు.

ఇప్పుడు ఆ నొప్పి మనవరాలికొచ్చింది. డాక్టరు రాసిన మాత్రలను నా కొడుకు డబ్బాలో పెట్టి అటకెక్కించాడు, అలవాటైపోతుందట. రోజూ సాయంత్రం వాడు తాగేది మాత్రం అలవాటు కాదు. కోడలు నా మచ్చ చూస్తూనే పసుపుకొమ్ము వెతుకుతోంది.

ఇక్కడ మనవరాలు కలం వదిలి కణత పట్టుకుంది. మిగతాది పొరుగింటి గౌరి రాస్తోంది.

"ఒరే, డబ్బా దించు."

"మెల్లగా మాటాడమ్మా, ఊరంతా ఇంటాది."

"ఇననీ. గౌరి రాసేస్తన్నాది కూడాను."

వాడు దించాడు. అందులోని పొట్లం మీద బొమ్మ షావుకారు చేతిదే. చదువుకున్న పిల్లకు బొమ్మెందుకని అప్పుడు నవ్వాను. ఇంట్లో ఉన్న వెధవల కోసం వేసి ఉంటాడు. నా కొడుకు చేతిలో మంచినీళ్ల గ్లాసు, కళ్ల ముందు ఆ తల బొమ్మ, కణత మీద ఆవగింజంత చుక్క.

సింహాచలమ్మ ఎడమ బొటనవేలి ముద్ర.
చూసినవాళ్లు: గౌరి, డబ్బా దించిన కొడుకు అప్పలనాయుడు.