దాసన్న ఇచ్చేసిన స్కాన్

మంగంపేట ముగ్గురాయి గనుల్లో ముప్పై ఏళ్లు దుమ్ము మింగిన మా దాసన్నకు ఏదీ తనకని దాచుకునే అలవాటు లేదు. మా చర్చిలో క్రిస్మస్ దుప్పట్లకు చీట్లు తీస్తారు. పేరొచ్చినవాడు తన దుప్పటిని తనకన్నా అవసరమున్న మనిషికి ఇచ్చేయడం మాకు మర్యాద. ఆ మర్యాదే ఆయన కొంప ముంచబోయింది.

కడప నుంచి డాక్టర్ సాహితి వచ్చి గని కూలీలతో మాట్లాడింది. ఊపిరితిత్తుల క్యాన్సర్‌ను స్కాన్‌తో ముందే పసిగడితే ప్రాణాలు నిలుస్తాయా అన్నది ఆమె పరిశోధన. సగం మందికి స్కాన్ తీస్తారు, సగం మందికి తీయరు. ఎవరు ఎటో కంప్యూటర్ చీటీ తీసినట్టు తేలుస్తుంది. చివరకు పేర్లు తీసేసి, వివరాలన్నీ వేరే దేశాల పరిశోధకులకు కూడా ఇస్తామంది.

దాసన్నకు స్కాన్ వచ్చింది. ఆయన భార్య ప్రేమమ్మకు తమ్ముడు, అదే గనిలో కూలీ అయిన యేసుప్రసాద్‌కు రాలేదు. అతనికేమో దగ్గు. పని పోతుందని ఆ సంగతి డాక్టరుకు చెప్పలేదు. ఇంకేం, మన ధర్మప్రభువు తన పేరు చెప్పుకొమ్మని బావమరిదిని స్కాన్‌కు పంపాడు.

కొన్నాళ్లకు దాసన్నకు ఫోనొచ్చింది. ఊపిరితిత్తిలో గడ్డ కనిపించింది, వెంటనే రమ్మన్నారు. ఆయన కడప వెళ్లి, సాహితి ముందు చేతులు కట్టుకుని ఉన్నదంతా చెప్పేశాడు.

ఆమెకు కోపం వచ్చింది. "దగ్గు ఉండాదని ఆయప్ప ఒక్క మాట చెప్పింటే చీటీతో పనే లేదు. అప్పుడే స్కాన్ తీసుంటిమి," అంది.

దాసన్న తన వివరాలు కొట్టేస్తారా అని అడిగాడు. కొట్టేయకూడదట. జరిగింది జరిగినట్టే రాసి అందరికీ ఇవ్వాలట, దాస్తే చదివేవాళ్లు మోసపోతారట.

"రాయమ్మా," అన్నాడు. "నా మాదిరి ఇంకొకరు చేయకుండా ఉంటారు."

గడ్డ చిన్నదే. ఆపరేషన్ అయ్యి యేసుప్రసాద్ తేరుకున్నాడు. దాసన్నను మాత్రం తన స్కాన్‌కు రమ్మని సాహితి పిలుస్తూనే ఉంది, ఆయన రేపు మాపు అంటూనే ఉన్నాడు. ఇచ్చేటప్పుడు లేని భయం ఇప్పుడు పట్టుకుంది. బావమరిది మింగిన దుమ్మే తనూ మింగాడు కదా. బీడీ కూడా మానేసి కూర్చునే ఆయన్ని చూస్తే నాకు జాలేసేది.

ఒక పొద్దున ప్రేమమ్మ సంచి సర్ది ఆయన ముందు పెట్టింది.

"నీ స్కాన్ మా తమ్మునికిచ్చినావు. శానా మేలు చేసినావు," అంది. "నాకు నిన్నెవురిస్తారు?"

దాసన్న లేచి చెప్పులు వేసుకున్నాడు.