అన్నంతో ఘనా జెండా

ఆ రోజుల్లో ఖతార్‌లో ఎటు చూసినా స్టేడియాలే లేస్తుండేవి. ప్రపంచకప్పుకు ఇంకా ఏళ్ళున్నా మా కంపెనీకి మాత్రం రేపే ఆట ఉన్నంత తొందర. జగిత్యాల నుంచి వెళ్ళిన నేను క్యాంప్ మెస్సులో వంటవాణ్ణి. (ఇంటి దగ్గర నా వంట తిన్నవాళ్ళెవరూ రెండోసారి అడగలేదు.) అక్కడ నా దోస్తు ఘనా దేశపు క్రేన్ డ్రైవర్. తలుపులో వంగి రావలసినంత పొడుగు కాబట్టి అందరం పెద్దన్న అనేవాళ్ళం, మా దగ్గర నేర్చుకుని అతను నన్ను తమ్మీ అనేవాడు. మార్చి ఆరు వాళ్ళ స్వాతంత్ర్య దినం. మనం బయటపడ్డ పదేళ్ళకు వాళ్ళూ ఆ తెల్లవాళ్ళ చేతుల్లోంచే బయటపడ్డారట. అర్ధరాత్రి పాత జెండా దిగి కొత్తది ఎగురుతుంటే, చిన్నపిల్లాడైన వాళ్ళ నాన్న తన తండ్రి భుజాలమీద కూర్చుని చూశాడట. ఏటా ఆ కథ చెప్పాకే ఇంట్లో అన్నం వడ్డించేవాళ్ళట. ఇల్లు వదిలాక అతనికి అదే మొదటి పండుగ. దిగాలుపడ్డ ఆ మొహం చూడలేక, "అన్నంతోనే జెండా చేస్త, ఫికర్ జెయ్యకు" అనేశాను.

అల్ మన్సూరా బజారుకు వెళ్ళి సరుకులు తెచ్చాను. పొడుగాటి బల్లమీద రేకు పరిచి ఎర్రటి టమాటా అన్నం, పచ్చటి పులిహోర, ఆకుపచ్చని కొత్తిమీర అన్నం వరసగా పేర్చాను. నడుమ నల్ల నువ్వుల పొడితో వాళ్ళ జెండాలోని నల్ల నక్షత్రం. నా పనితనానికి నేనే మురిసిపోతుండగా, ఇస్త్రీ బట్టల్లో ఘనావాళ్ళంతా వచ్చారు. పెద్దన్న గుమ్మంలోనే ఆగిపోయాడు.

"తమ్మీ, జెండా తలకిందులైంది."

కాదని వాదించాను. నాకు సరిగ్గానే కనబడుతోంది మరి! తర్వాత వెలిగింది: పొయ్యి వైపు నిలబడి చేసినవాడికి నిటారుగా ఉన్నది, గుమ్మంలోంచి వచ్చేవాళ్ళకు తలకిందులే. బల్ల తిప్పబోతే టమాటా అన్నం పులిహోర మీదికి జారడం మొదలెట్టింది. గరిటె అడ్డుపెట్టి ఆపాను. అతని పండుగ పాడుచేశాననుకున్నాను.

పెద్దన్న తనవాళ్ళతో ఏదో అన్నాడు. అందరూ బల్ల చుట్టూ తిరిగి నా వైపు రావడం మొదలుపెట్టారు. పొయ్యికీ బల్లకూ నడుమ ఇద్దరు నిలబడే చోటులో అంతమందీ ఇరుక్కున్నారు. నడుమ నేను. వాళ్ళు గొంతెత్తి జాతీయగీతం పాడుతుంటే, ఒక్క ముక్క రాకపోయినా గుండెమీద చెయ్యి వేసుకుని పెదాలు కదిపాను. పాట అయ్యాక పెద్దన్న వాళ్ళ నాన్న కథ చెప్పాడు. ఆ తర్వాతే జెండాను తినడం.

అంతలో అమ్మ ఫోన్. దుబాయ్‌లో అంత లొల్లి ఏమిటని అడిగింది. (ఆమెకు ఖతారైనా దుబాయే.) స్వాతంత్ర్యం వచ్చిన రోజమ్మా అన్నాను.

"ఎవ్వలికి రా?"

నోటినిండా అన్నంతోనే చెప్పాను. "మనోళ్ళకే."

అప్పటి నేను, ఆ కుర్ర వంటవాడు, ఎదురైతే ఇప్పుడు ఆ మాట దిద్దాలా? దిద్దను. అంత ధీమాగా ఇంకో దేశాన్ని మనదనుకోవడం ఈ వయసులో నాకు చేతకావడం లేదు.